ఆఖరి మీటరు దాక మీదే సార్

ఎందుకు సార్, గంత మెల్లగ మాట్లాడుతున్నరు? ఇంట్ల ఎవ్వరు లేరు. మా తమ్ముడు మల్లేశ్వర్‌ను కట్టు మార్పిస్తానికి అమ్మ దవాఖానకు తోల్కపోయింది. జర గట్టిగనే అడుగుండ్రి!

కూసోండ్రి. శ్రీహరి సార్ అంతటోడు హైదరాబాద్ నుంచి వికారాబాద్ దాక మా ఇల్లు ఎతుక్కుంట వచ్చిండంటే మాటలా! మీ లాబ్‌ల గన్నేండ్లు పనిచేస్తి. ఒక్కనాడన్న ‘నాగరాణీ, తిన్నవా’ అన్నరా? ఇయ్యాల యాపిల్ పండ్లు!

ఏమన్నరు? ఫైబర్ నాదని చెప్పాల్నా? ఫ్యాక్టరీల అగ్గి ఎట్లంటుకున్నదని అడిగే ఎంక్వైరీ ఆఫీసర్ ముంగట?

అబ్బ! ఇప్పుడు నాదైందా?

గాజు పోగులకు వెలుగు పంపుతే, అండ్లకెళ్లి జర్రంత రంగు మారి ఎన్కకు మళ్లుతది. పోగు యాడ వేడెక్కుతే ఆడికెళ్లి జర ఎక్కువొస్తది. రామన్ వెలుగు. ఉన్నదో లేదో అన్నట్టుంటది. దాన్ని పెంచాలెనని గాజుల జెర్మేనియం కలుపుకుంట, పోగు తెగుతే మళ్ల గుంజుకుంట కండ్లు పోగొట్టుకున్నదెవరు? తీరా పనిచేసినంక మీరేమన్నరు? ‘చిన్న పనే గద, రీసెర్చ్ పేపర్ల నీ పేరెందుకు’ అన్నరు. యాదికున్నదా? నాకున్నది.

తాండూరు సిమెంటు ఫ్యాక్టరీల బొగ్గు బెల్టు పొంటి, వేడెక్కుతే ముందే తెల్వాలెనని గదే ఫైబర్ వేసినమని శాలువ కప్పిచ్చుకుంటిరి. ‘ఆలోచన నుంచి ఆఖరి మీటరు దాక నాదే’ అని మైకుల చెప్తిరి. నేను ఎన్క వరుసల కూసొని ఇన్న.

మల్లేశ్వర్‌ది గా బెల్టు కాడనే డ్యూటీ. ‘మా అక్క చేసిన తీగ, మా నెత్తి మీదనే ఉన్నది’ అని మా సొంతూరు కుల్కచర్ల అంత చెప్పుకున్నడు, పిచ్చోడు.

రోలర్ వేడెక్కి బొగ్గు అంటుకున్నప్పుడు గా తీగ ఎందుకు మొత్తుకోలే సార్? పొగ ముందల వచ్చింది, అలారం ఎన్క వచ్చింది. పక్క మనిషిని గుంజబోయి మావాని రెండు చేతులు...

అది నాది గాదు గన్క! మంటల కాలంగ మిగిలిన తీగ ముక్కను తెచ్చి పరీక్ష చేసిన. మామూలు ఫైబర్. అండ్ల గా వెలుగు సరిగ రాదు, వేడి తెలిసేటాల్లకు ఆలస్యమైతది. బెల్టుకు సరిపోయేంత నాది తయారైందాక ఆగకపోతిరి. శాలువకు గంత తొందరనా? చెప్పుండ్రి!

ఏందీ? వానికి నౌకరి ఇప్పిస్తరా? అన్నం నేను కలిపి పెడుతున్న సార్. అంగి గుండీలు నేను పెడుతున్న. ఏం నౌకరి చేస్తడు?

వద్దు. నా పేరు మీరే తీసిండ్రు, తీసినట్టే ఉండనీ. మీరు లేటయిండ్రు సార్. పొద్దుగాలనే పోయి గా ముక్క, మీ స్పీచ్ వీడియో ఆఫీసర్‌కు ఇచ్చొచ్చిన. ‘ఫైబర్ ఎవరిదమ్మా’ అనడిగిండు. ‘వీడియోల ఆయన నోటితోనే చెప్పిండు, చూడుండ్రి’ అన్న. ఒక్క మాట అబద్ధం చెప్పలే.

ఏడుస్తున్నరా? ఏడ్వుండ్రి.

తమ్ముని కోసం పగ తీర్చుకున్నదని రేపు అందరంటరు. అననీ. మీకు మాత్రం నిజం చెప్త. వాని చేతులు కాలకపోయినా నేను గిదే చేస్తుంటి. మీ మాట మీ మెడకే చుట్టాలెనని, మీకు శాలువ కప్పిననాడే అనుకున్న.

అంతే సార్. పోయేటప్పుడు తలుపు దగ్గరికెయ్యుండ్రి, కుక్కలొస్తున్నయి.