బల్బు తరవాత స్విచ్చి

"నమ్మనోడు ఇప్పుడే లేసి ఎలిపోవచ్చు. మధ్యలో లేస్తే నేనొప్పుకోను" అన్నాడు వైరింగు అప్పలస్వామి.

ఎవరూ లేవలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మూడో ఏడు, విజయనగరం స్టేషను రోడ్డులో కూర్మమ్మ టీ కొట్టు, సందేళ. కూర్మమ్మ కుడిచేతికి గుడ్డ చుట్టుకుని ఎడం చేత్తోనే గ్లాసులు అందిస్తోంది. అప్పలస్వామి మాట బెంచీ మొత్తానికి, చూపు మాత్రం సావుకారు జగన్నాధంగారి మీద. ఆయన కొత్త రైసుమిల్లుకి కరెంటు తీగలు లాగే పని ఎవరిదో ఈ టీ చల్లారేలోపు తేలిపోవాలి.

"శ్రీముఖలింగం పక్కన ఒక జమీందారు బంగళా. లోకంలో అందరూ స్విచ్చి ముందు, బల్బు ఎనకాల కడతారు. నేను బల్బు ముందు కట్టి, స్విచ్చి తిరిగెళ్ళే తీగ మీద పెట్టేను. ఎందుకో తెలుసా? కరెంటుని వీధి గుమ్మంలో ఆపేస్తే అలిగి ఎనక్కెళ్ళిపోతాది. లోపలికి రానిచ్చి పెరటి తలుపు ఏసేమనుకో, కొత్తల్లుడిలాగ బల్బులోనే కూకుంటాది."

"అంతేనా బావా" అన్నాడు బండి పైడిరాజు.

"అంతేనా ఏటి. మొదటిరోజు ఏలు స్విచ్చికి తగిలీలోపు ఎలిగింది. రెండోరోజు జమీందారు ఏలు ఎత్తగానే ఎలిగింది. మూడోరోజు నొక్కాలా వద్దా అని ఆయన ఆలోసిస్తన్నాడు, ఈలోపే ఎలిగిపోయింది. ఆ తరవాత ఏటయిందో తెలుసా? ఆ ఎలుగు వంశధార దాటి అరసవల్లి దాకా ఎల్లింది. రాత్రి తిండికి కూకున్న జనం లేసి పందుంపుల్లలు నవుల్తా ఏటికి బయల్దేరేరు. తెల్లారి అసలు సూర్యుడొచ్చి, దణ్ణం పెట్టీవోడు లేక గంటసేపు కొండెనకాలే నిలబడిపోయేడు."

జగన్నాధంగారు గ్లాసు కింద పెట్టారు. "ఈ కొట్టుకి తీగలు లాగిందీ నువ్వేనా?"

"నేనే బాబూ. అదే పద్ధతి."

ఆయన లేచి స్విచ్చి ఆపారు. తలమీద బల్బు ఆరిపోయింది.

"మిల్లు పని నీదే. ఆ బల్బు ఊడదీసి, హోల్డర్లో ఒక్క వేలు పెట్టు."

అప్పలస్వామి హోల్డరు వైపు చూశాడు. పంచె ఎగ్గట్టాడు. మళ్ళీ దింపాడు.

"ఎండు చెక్కపీట ఒకటి కావాల."

"ఆపేసిన దీపానికి పీటెందుకయ్యా?"

పైడిరాజు దగ్గాడు.

"నా మిల్లులో కూలోళ్ళందరికీ తలో పీటా నేను చేయించలేను. స్విచ్చి ముందే కట్టేవాణ్ణి చూసుకుంటాను" అని సావుకారు కండువా దులుపుకున్నారు.

"నమ్మకపోతే మానీండి బాబూ. స్విచ్చి ఆపినా కరెంటు బల్బు కాడే ఉంటాదని ఏలు పెట్టి సూసిన సాక్షి ఉన్నాది నాకు."

"ఎవరు?"

కూర్మమ్మ ఎడం చేత్తో అతని ముందు టీ పెట్టింది. "సెప్పు మావా" అంది.

అప్పలస్వామి గ్లాసులోకి చూస్తూ, "కూర్మమ్మ" అన్నాడు.