అద్దం కట్టిన లైసెన్సు

1986. చిత్తూరు కోర్టు వరండాలో, నగరి నుంచి వచ్చిన ముసలామె సంచిలోంచి అద్దం కట్టిన కాగితమొకటి తీసి వకీలు చేతికిచ్చింది. అద్దం మీద కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు.

“ఇదేందవ్వా?”

“మా గంజాయంగడి లైసెన్సు సామీ. సర్కారు ముద్ర సూడు. దేవుడి పటం పక్కనే పెట్టుకోని ఇరవై ఏండ్లు పూజ చేసినాము.”

“పోయినేడు కొత్త చట్టం వచ్చింది. ఇప్పుడు అమ్మినా నేరమే, ఇంట్లో పెట్టుకున్నా నేరమే.”

“ఏలం పెట్టి అమ్మించింది సర్కారే కదా! ఎదురుగా సారాయంగడి ఇంకా తెరిచే ఉండాది. తాగి దొర్లేదంతా ఆడ. మా ముసిలాయన కాడికి వచ్చేది నడుం పట్టేసిన నేతగాళ్లు, సాధువులు.”

“నువ్వు చెప్పేది న్యాయమే. చట్టంలో మాత్రం లేదు. సరుకు పోలీసులకు ఎట్లా దొరికింది?”

“ఆయనే సూపించినాడు. ఎప్పట్లాగే సరుకు తూకం సూసేదానికి వచ్చినారనుకోని, ఈ పటం చేతికిచ్చి, లోపలున్న మూట కూడా తెచ్చిపెట్టినాడు. నేను మజ్జిగ ఇచ్చినాను. తాగి, పటం సదివి, నవ్వుకోని నాకే ఇచ్చేసి, ఆయన్ని జీపెక్కించినారు.”

వకీలు పటంలోని ముద్రను దగ్గరగా చూశాడు.

“దీన్ని జడ్జికి సూపించు సామీ.”

“చూపిస్తే, అమ్మినాడని మనమే ఒప్పుకున్నట్టు.”

“ఎన్నేండ్లు ఏస్తారు?”

“ఐదేండ్ల దాకా పడొచ్చు.”

“ఆయనకు డెబ్బై ఎనిమిది.”

వకీలు పటం తిరిగి ఇచ్చేశాడు. ఆమె దాన్ని కొంగులో చుట్టుకుంది.

“మళ్లా ఆ మేకుకే తగిలిస్తా. శుక్రవారం బొట్టు పెట్టకుంటే, వచ్చినాక నన్ను తిడతాడు.”