ఫోను వేసిన మార్కులు

తిరుపతిసామి నోట్లో పడితే గోరంత నిజం కొండంత అవుతుందని తమిళ సీమలో సాత్తూరు పక్కనున్న ఆ తెలుగు పల్లెలో పాలు తాగే బిడ్డకి కూడా తెలుసు. అయినా సరే, ఆదివారం సాయంత్రం రాజమ్మాళ్ టీకొట్టు ముందు అతను కండువా దులిపి బెంచీ మీద కూర్చున్నాడంటే, జనం జరిగి చోటిస్తారు. ఇంట్లో టీవీ ఉన్నవాళ్ళు కూడా లేచి వస్తారు.

ఆ సాయంత్రం మాత్రం అతను పొద్దుపోక కూర్చోలేదు. తెల్లవారితే సోమవారం, విరుదునగర్‌లో కలెక్టరు అర్జీలు తీసుకునే రోజు. ఊరికి పొద్దున్నే వచ్చే ఒకే ఒక్క బస్సు చిత్తిరై నెల తిరునాళ్ళ తర్వాత రావడం మానేసింది. ఊరి తరఫున మైకు ముందు నిలబడి ఆ బస్సు అడగాల్సింది ఎవరో ఊరి పెద్ద కుమారసామి ఇప్పుడు తేల్చాలి. అది తనే కావాలని తిరుపతిసామికి ప్రాణం కొట్టుకుంటోంది. అతని కూతురు కలైసెల్వి కోవిల్‌పట్టిలో నర్సింగు చదువుతోంది. బస్సు పోయిన దగ్గర్నుంచి ఆ పిల్ల చీకటితో లేచి హైవే దాకా నడుస్తోంది. వానొస్తే ఈ కరిసల్ మన్ను, అదే నల్లరేగడి, పట్టుకున్న చెప్పుని వదలదు. ఊళ్ళో ప్రతి సంగతికీ ముందు లేచే అతని నోరు, ఈ సంగతికి మాత్రం లేవదు.

"మైకు ముందు మాట్లాడాలంటే సాధకం కావాల పెదనాయనా," అని ఎత్తుకున్నాడు. "నెల్నాళ్ళుగా పొద్దున్నే నేను చేసేది అదే. మేకల కొట్టంలో జొన్నబస్తాకి ఫోను ఆనించి, ఎదురుగా నిలబడి, ఒక్క నిమిషం మాట్లాడేది. వీడియో తీసుకునేది, చూసుకునేది, తప్పుంటే మర్నాడు దిద్దుకునేది. ఇంతే. గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు నేను, మీకు తెలుసు గదా."

బెంచీ చివర కూర్చున్న కుర్రాడు ఆండి దగ్గి, టీ గ్లాసులోకి చూసుకున్నాడు.

"తీసిన వీడియో కింద పచ్చబాణం ఉంటాది. అది నొక్కితే మన పేరు కింద భద్రంగా దాచిపెడతాది. ఆ తర్వాత ఏం చేస్తాదో తెలుసా? మార్కులేస్తాది!"

"ఎవరు మామా?" అన్నాడు ఆండి.

"ఫోనే! కన్ను బొమ్మేసి, పక్కన మార్కు. మొదటి రోజు పన్నెండు. నాకు తల తీసేసినట్టయింది. నాలుగో రోజుకి ముప్పై. ఆ పైన యాభై దాటినా. బళ్ళో నాకెప్పుడన్నా యాభై వచ్చినాయా, మీరే చెప్పండి!"

బెంచీ మీద వాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కుమారసామి నోట్లో వక్క నమలడం ఆగిపోయింది. రాజమ్మాళ్ టీ వంచుతూ వంచుతూ చెయ్యి గాల్లోనే నిలిపేసింది. తిరుపతిసామికి ఒళ్ళు పులకరించింది. ఇంకా ఏమీ చెప్పనేలేదు, అప్పుడే నోళ్ళు తెరిచేశారు అనుకున్నాడు.

"పదో రోజు మాట్లాడతా ఉంటే, కొట్టంలో మేకలు నెమరు ఆపేసినాయి. నేను చూసుకోలా. వీడియోలో చూస్తే, అన్నీ వరసగా కూర్చుని, బళ్ళో పిల్లకాయల మాదిరి నన్నే చూస్తా ఉండాయి. కోడిపెట్ట గుడ్డు పెడతా పెడతా సగంలో ఆపేసి విన్నది. నేను ముగించినాకనే మిగతా సగం పెట్టింది."

"పాపం, కోడి," అంది రాజమ్మాళ్. ఆమె అతని భార్యకి అక్క. చనువుకి చనువు, నోటికి నోరు.

"నవ్వుకో వదినా. ఆ పై వారం ఏమైందో వింటే నీ చేతిలో గిన్నె జారిపోతాది. ఆ రోజు ఊరి కష్టం మీద మాట్లాడినా. గొంతులో కొంచెం, కొంచెమే, దుఃఖం కలిపినా. సాయంత్రానికి సాత్తూరు నుంచి ఒకాయన కారేసుకుని వచ్చేసినాడు. అగ్గిపెట్టెల కంపెనీ ఓనరు. కాళ్ళ మీద పడినాడు. 'అయ్యా, మీరు పొద్దున ఏం మాట్లాడినారో ఏమో, మా పనివాళ్ళంతా ఏడ్చి ఏడ్చి, కట్టిన పెట్టెలన్నీ నెమ్మెక్కినాయి. ఒక్క పుల్ల అంటుకోడం లేదు' అన్నాడు."

"ఇక్కడ కొట్టంలో మాట్లాడితే అక్కడికెట్ల వినబడింది మామా?"

"గాలివాటం రా! మధ్యలో అడుగు. సరే, జాలిపడి, మర్నాడు కొంచెం కోపంగా మాట్లాడినా. పుల్లలు ఎండిపోయినాయి. ఎండిపోవడం కాదు, జేబులో ఉన్నవి వాటంతట అవే అంటుకోబోతే, ఓనరు మళ్ళీ పరుగెత్తుకొచ్చి 'చాలయ్యా, కోపం చాలు' అని దండం పెట్టినాడు!"

"దేవుడా!" అన్నాడు కుమారసామి, రెండు చెవులూ మూసుకుని.

ఆ 'దేవుడా' తిరుపతిసామికి నెత్తికెక్కింది. కండువా ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చాడు.

"ఇదేం చూసినారు! పోయిన బుధవారం, కర్రిమేక నన్ను సతాయించిన రోజు. దాన్ని మేతకి తోలే గొడవలో పడి ఆ వీడియో నేను చూసుకోనే లేదు. ఊరికే బాణం నొక్కేసి పోయినా. మధ్యాన్నం చూస్తే మార్కులు నూటపది! నూటికి నూటపది! ఎవరికైనా వేస్తారా? ఆ రోజు ఎంత గంభీరంగా మాట్లాడి ఉంటానో మీరే ఊహించుకోండి. కయత్తారు పక్కన గాలిమరలు ఉండాయి గదా, రెక్కలు ఆపేసి ఇటు తిరిగినాయి. మద్రాసు పోయే రైలు కోవిల్‌పట్టి స్టేషన్లో నిలబడిపోయింది. డ్రైవరు దిగి, ప్లాట్‌ఫాం మీద గొంతుక్కూర్చుని, వేరుశనగ కడలై మిట్టాయి నములుతా విన్నాడు. సిగ్నలు పచ్చదీపం వెలిగీ వెలిగీ విసుగెత్తి ఆరిపోయింది. తూత్తుకుడిలో సముద్రం..."

"సముద్రం కూడానా!"

"అలలు ఆగిపోయినాయి రా ఆండీ! వచ్చే అల వచ్చినట్టే నిలబడి, వెనకదాన్ని 'ఉస్, మాట్లాడొద్దు' అన్నది. ఒడ్డున ఉప్పు మళ్ళలోకి నీళ్ళు రాక, ఒక్క పూటలో ఉప్పంతా పండిపోయింది. ఓడలో ఉన్న కెప్టెను, ఏ దేశపోడో, 'ఈయన చెప్పేది నాకు అర్థం కాలేదు గాని, ఆ బస్సు మాత్రం వెయ్యండి' అని ఏడ్చినాడంట!"

అందరూ అతన్నే చూస్తున్నారు. ఇంత నిబ్బరంగా, రెప్ప వెయ్యకుండా, ఎదురుగా కూర్చుని! ఆండి గ్లాసులో టీ చల్లారి తొరక కట్టింది. కుమారసామి నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. అది చూసి తిరుపతిసామి ఒక్క మెట్టు ఎక్కువే ఎక్కేశాడు.

"కడాకరికి కలెక్టరే ఫోన్ చేసినాడు పెదనాయనా. 'అయ్యా తిరుపతిసామిగారూ, మీరు సోమవారం రావొద్దు. మీరొచ్చి మాట్లాడితే నేను తట్టుకోలేను. ఒకటి కాదు, మూడు బస్సులు పంపిస్తాను' అన్నాడు!"

కుమారసామి నోరు మూసుకున్నాడు. కర్ర అందుకుని లేచాడు.

"అయితే ఇంకేం," అన్నాడు నెమ్మదిగా. "మూడు బస్సులు వస్తా ఉంటే రేపు మనం పోయే పనే లేదు. ఆండీ, అందరికీ చెప్పెయ్. ఎవరూ విరుదునగర్ బయల్దేరొద్దు."

తిరుపతిసామి బెంచీ అంచుకి జరిగాడు. రేపు పోకపోతే బస్సు లేదు. బస్సు లేకపోతే కలై అట్లాగే చీకట్లో, చెప్పులు చేత్తో పట్టుకుని... తన కోతలే తన బిడ్డ కాలికి అడ్డం పడ్డాయి.

"వద్దు పెదనాయనా! పోవాల! పోయి తీరాల!" అంటూ లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "కలెక్టరు... అంటే... ఫోన్ సరిగ్గా వినపడలేదు. సిగ్నలు..."

"కూర్చో మరిదీ," అంది రాజమ్మాళ్. కొంగుతో చేతులు తుడుచుకుని బిస్కెట్ల డబ్బా వెనకనుంచి తన ఫోను తీసింది. "చాల్లే. ఆ పచ్చబాణం దాచిపెట్టేది కాదు. అది స్టేటసు. నువ్వు నొక్కిన ప్రతిసారీ ఊరంతటికీ పోతాది."

"ఏంది?"

"ఆ కన్ను మార్కు కాదయ్యా. చూసినవాళ్ళ లెక్క. నూటపది మంది చూసినారు. ఆ కన్ను మాదే."

తిరుపతిసామి బెంచీ మీదున్న మొహాలు ఒక్కొక్కటే చూశాడు. ఆండి తల దించుకున్నాడు. అంటే వీళ్ళంతా... నెల నుంచీ... రోజూ... "వణక్కం, మరియాదైక్కురియ కలెక్టర్ అవర్గళే" అని తమిళంలో నమస్కారం ఎత్తుకుని, ఆ పైన ఒక్క ముక్క రాక, చెమట కారుతూ, ఫోను వంక గుడ్లప్పగించి నిలబడిన నిమిషాలన్నీ! చూసి కూడా, ఇప్పటిదాకా ఊ కొడుతూ కూర్చున్నారు!

"వణక్కం దాటి ఒక్కనాడూ పోలేదు నువ్వు," అంది రాజమ్మాళ్. "బుధవారం తప్ప. ఆండి దాన్ని దించి పెట్టినాడు, చూడు."

వీడియోలో అతనే. వణక్కం అన్నాడు, ఆగిపోయాడు. అంతలో కర్రిమేక తాడు లాగింది. ఫోను సంగతే మరిచిపోయి, అటు తిరిగి, ఇంటి తెలుగులో విరుచుకుపడ్డాడు.

"ఏమే, నడవవా? నాలుగు కాళ్ళిచ్చినాడు నీకు దేవుడు, ఈ గడప దాటనంటావు. నా బిడ్డకి రెండే కాళ్ళు. చీకట్లో, బురదలో, చెప్పులు చేత్తో పట్టుకుని హైవే దాకా పోయి, సీసా నీళ్ళతో కాళ్ళు కడుక్కుని బస్సెక్కతాది. ఒక్కనాడు పోనన్నదా? రేత్రి నిద్దట్లో పాదాలు తడుముకుంటాది. నేను నిద్రపోయినట్టు పడుకుంటా. ఒక్క బస్సు గదే... అది అడగడానికి నాకు నోరు రావడం లేదు. నువ్వేమో నడవనంటావు!"

నిమిషం అయిపోయి బొమ్మ ఆగింది. కుమారసామి కళ్ళు కండువాతో ఒత్తుకున్నాడు.

"కలై కూడా చూసిందా?" తిరుపతిసామి ఫోను మీంచి తల ఎత్తకుండా అడిగాడు.

రాజమ్మాళ్ ఊరి గ్రూపులో మొదటి రోజే వచ్చిన మాటల మెసేజి వెదికి నొక్కింది. తెలుగు రాయడం ఆ ఊళ్ళో ఎవరికొచ్చు గనక? కలైసెల్వి గొంతే వినబడింది: "అందరికీ చెప్తా ఉన్నా. మా నైనా స్టేటసు చూసినవాళ్ళు ఆయనకి చెప్పొద్దండి. తెలిస్తే సిగ్గుపడి మానేస్తాడు. నవ్వేవాళ్ళు మీ ఇళ్ళల్లో నవ్వుకోండి. నేర్చుకోనీండి ఆయన్ని."

తిరుపతిసామి కండువా తీసి ఒళ్ళో పెట్టుకుని మడతలు పెట్టసాగాడు.

"రేపు నువ్వే మాట్లాడు తిరుపతీ," అన్నాడు కుమారసామి. "మైకుని చూడొద్దు. మేకతో చెప్పినట్టు చెప్పు. తెలుగొస్తే తెలుగే రానీ, కలై పక్కన నిలబడి తమిళంలో చెప్తాది. గాలిమరలు మాత్రం వద్దు నాయనా, నీకు పుణ్యముంటాది."

"అయితే ఆ మేకని కూడా తోలకపోదాం," అన్నాడు ఆండి, వాతావరణం తేలికపడాలని.

"ఎట్లా రా? అది హైవే దాకా నడవనంటాది," అంది రాజమ్మాళ్. "ఎక్కించుకుని పోదామంటే ఊళ్ళో బస్సేదీ?"

అందరూ నవ్వారు. తిరుపతిసామి నవ్వలేదు. మొహం తుడుచుకుని, వదిన వంక చూసి, మొదటిసారి మెల్లగా అన్నాడు:

"దొరికింది వదినా. వణక్కం తర్వాత ఏమనాలో దొరికింది. 'నా బిడ్డకి రెండే కాళ్ళు.'"