పుట్ట మీద పరీక్ష

హలో… నగాద్యా? ఆ, నేనేనే, నబుకీరాని. ఉండు, పుట్ట ఎక్కనీ… ఇప్పుడు వినిపిస్తోందా?

…ఇంకెక్కడ? మా గోంబా పల్లెలో ఈ అరటితోట చివర పుట్ట మీద నిలబడితేనే సిగ్నల్. కరోనా వచ్చి కాలేజీ మూసినప్పటి నుంచీ నా క్లాసులన్నీ ఇక్కడేగా!

…బాగుండటమా? ఛీ! ఇక్కడ నిలబడి ఫోన్లో రాసిన ఆ పరీక్షకి ఏమొచ్చిందో తెలుసా? సున్నా! క్లాస్ లీడరువి, ఎందుకో నీకైనా చెప్పాడా ఆ సెమ్వంగా సారు?

…కాపీయా? ఎవరే కొట్టింది? కెమెరాలో కనపడకుండా పోయానట! పోనా మరి? మా ఊరి లుతాయ తాత ఇటుగా వచ్చాడు. పుట్ట దిగి, మోకాళ్ళ మీద కూర్చుని పలకరించాను… మరి? అంత పెద్దాయన ముందు కొయ్యలా నిలబడనా?

…రెండే నిమిషాలు… దిగితే సిగ్నల్ పోదూ! మళ్ళీ ఎక్కి చూస్తే పరీక్షలోంచి గెంటేసి ఉన్నాడు.

…ఆడపిల్ల పెద్దల్ని మోకాళ్ళ మీదే పలకరించాలని తెలియకేం? ఆయనా మన బుగాండా మనిషే. క్లాసు మధ్యలో వాళ్ళావిడ మోకాళ్ళ మీద కూర్చుని టీ ఇవ్వలా? అందరం చూశాంగా. అక్కడ అది మర్యాద. నేను కూర్చుంటే దొంగతనం. థూ!

…అరవకేం చెయ్యను? ఇది పోతే ఈ ఏడు డిగ్రీ రాదే. అమ్మకి ఇంకా చెప్పనే లేదు…

ఏంటీ? సారు మాట్లాడతానన్నారా? ఇప్పుడా? కలుపు, కలుపు!

సార్, నమస్కారం సార్… లేదు సార్, పుస్తకం ముట్టుకుంటే ఒట్టు… పెద్దాయన వచ్చారనే దిగాను సార్… మళ్ళీ రాయనిస్తారా? సోమవారం? సార్, మీ మేలు జన్మలో—

ఒక్క నిమిషం సార్…

తాతా! రాత్రి బాగా నిద్రపట్టిందా? ఇవాళ దిగలేను తాతా, సారు ఫోన్లో ఉన్నారు. నిలబడే అడుగుతున్నా, ఏమనుకోకు…

ఆ, చెప్పండి సార్… ఏంటి సార్?… నిలబడి పలకరించాననా?… పెంపకమా?… మా అమ్మ నేర్పలేదా?

…

ఇలాంటి దానికి మళ్ళీ పరీక్ష ఎందుకనా?

…

తాతా! వెళ్ళిపోకు, ఆగు. దిగుతున్నా.

సార్, సిగ్నల్ పోయేలోగా వినండి. మోకాళ్ళ మీద కూర్చుంటున్నాను. మీ సున్నా మీ దగ్గరే ఉంచుకోం—