ఎండ మాటలు, నీడ మాటలు

(మెక్సికోలో చపాలా సరస్సు ఒడ్డున అహిహిక్ ఊరు. ఎలోదియా ఇంటి పెరట్లో, కట్టెల పొయ్యి మీద తమాలెల కుండ; పొత్తాకుల్లో చుట్టిన మొక్కజొన్న పిండి ముద్దలు ఆవిరికి ఉడుకుతున్నాయి. పొయ్యికి అటు ఎలోదియా, ఇటు దొమితిలా.)

"ఇంకాస్త కిందికి పట్టు దొమితిలా. ఆవిరి తగలాలి గాని కవరు తడవకూడదు. అది ఉత్తరం, తమాలె కాదు."

"చెయ్యి కాలుతోంది వదినా!"

"కాలనీ. అంటించిన కవరు విప్పాలంటే ఆ మాత్రం కాలాలి. అదిగో, మూతి విప్పింది. మళ్ళీ మూస్తుందో లేదో మాత్రం నన్నడక్కు. ఈ ఊళ్ళో మూతులు విప్పడమే గాని మూయడం ఎవరికీ రాదు."

"దొంగతనమేం కాదులే. సెన్యోరా హెదర్ నా చేతికే ఇచ్చింది. ఇల్లమ్మేసి, పొద్దున విమానంలో కెనడా వెళ్ళిపోయిందా, కారెక్కే ముందు రాసింది. రాస్తున్నంతసేపూ ఒకటే నవ్వు. ఆ నవ్వు చూశాకే నాకు అనుమానం పట్టుకుంది."

"పద్నాలుగేళ్ళు ఆవిడ నేల తుడిచావు. ఆవిడ నవ్వు ఇంకా అర్థం కాలేదా?"

"నేల అర్థమైంది వదినా, నవ్వే కాలేదు. నాకా ఇంగ్లీషు రాదు. ఇందులో ఉన్నది మంచో చెడో తేల్చి చెప్పు. చెడైతే హోటలు వాళ్ళ ముందు పెట్టి పరువు పోగొట్టుకోవడం దేనికి?"

"ఏ హోటలు? సరస్సు పక్కన కొత్తగా తెరిచారే, అదా?"

"అదే. రేపు తొమ్మిదింటికి రమ్మన్నారు."

"రేపే! గదుల పనికేనా?"

"గదుల పనికే."

"ఊఁ."

"ఏంటి వదినా, 'ఊఁ' అంటావు?"

"ఊపిరి పీల్చుకున్నా. ఊపిరికి కూడా నీకు అర్థం చెప్పాలా? ఇలా తే. నా పుస్తకం అందుకో, ఆ పిండి గిన్నె వెనక ఉంది. ఆరు నెలల్నుంచీ ఇంగ్లీషు క్లాసులో మా పంతులు, ప్రొఫె నబోర్, మాకు మనుషుల గుణాల మాటలే నూరిపోస్తున్నాడు. చిన్న క్లాసు వాళ్ళకి 'మంచివాడు', 'చెడ్డవాడు', రెండు ముక్కలతో సరి. మాది పెద్ద క్లాసు. మాకు మంచితనం ఇరవై రకాలు, చెడ్డతనం నలభై."

"మనుషుల్లో ఉన్న లెక్కే అది. ఇదేంటి, పేజీని మధ్యకి గీసి ఇటు సూర్యుడు, అటు గొడుగు బొమ్మ వేశావు?"

"ఎండ, నీడ. మంచి గుణాలు ఎండలో, చెడ్డవి నీడలో. ప్రొఫె పెట్టిన పద్ధతి."

"ఎద్దుల పోట్లాటలో నీడ సీట్లకే కదా గిరాకీ?"

"అది ఎద్దులకి. ఇది మొద్దులకి. నన్ను చదవనీ."

"పేరు రాసిందా?"

"ఎవరి పేరూ లేదు. 'ఈ ఉత్తరం తెచ్చినామె' అని మొదలెట్టింది. అక్కడే తెలియట్లా? ప్రేమ ఉంటే పేరు రాయదూ?"

"అన్ని ఉత్తరాలూ అలాగే ఉంటాయి వదినా. మా పిన్ని ఉత్తరంలోనూ 'తెచ్చినామె' అనే ఉండేది. సరే, ముందుకెళ్ళు."

"వెళ్తున్నా. మొదటి మాట... డాగెడ్. అబ్బ!"

"ఏమైంది?"

"డాగ్ అంటే ఏంటి?"

"కుక్క. అది నాకూ తెలుసు, సెన్యోరాకి రెండుండేవిగా."

"మరి డాగెడ్ అంటే? కుక్కబుద్ధి. ఊరికే మొరుగుతుందని రాసింది తల్లీ."

"ఆ మనిషి మొరుగుతుందనా? నిజంగా అలా కనిపించిందా ఆవిడకి?"

"నాకెందుకు, ఆవిడ రాసింది నేను చదివా. తర్వాత... అన్‌అస్యూమింగ్. ఇది ఇంకా ఘోరం. ముందు 'అన్' తగిలించారంటే ఏదో లేనట్టే. బుర్రలో ఏమీ లేనిది అని."

"ఏమీ లేనిదా!"

"కుండ చప్పుడు చేస్తుంది గాని లోపల తమాలె లేదు, అలాగన్నమాట."

"నాకు నవ్వొస్తోంది వదినా."

"నవ్వుతావేంటే? ఏడవాల్సిన చోట!"

"ఆవిడకి అంత అన్యాయం చేసే బుద్ధి లేదు. నాకు చేయి విరిగినప్పుడు మూడు వారాలు నా బదులు నువ్వు వెళ్ళావుగా ఆ ఇంటికి. నువ్వు మాత్రం చూడలేదూ? మన చేతి సూపు తాగి 'బాగుంది, బాగుంది' అని గిన్నె నాకేది."

"గిన్నె నాకిన వాళ్ళే తర్వాత గిన్నె కడగలేదంటారు. వింటావా, మానేస్తావా?"

"విను, మాను అని బెదిరించకు. ఆ పుస్తకం ఇలా తిప్పు. ఇంగ్లీషు రాకపోతేనేం, అక్షరాలొచ్చు. ఇదిగో, ఉత్తరంలో ఉన్న మాటే నీ పుస్తకంలోనూ ఉంది. డి, ఓ, జి... పక్కన మన భాషలో నువ్వే రాసుకున్నావు. 'పట్టిన పట్టు విడవనిది.' కుక్క ఎక్కడ?"

"పట్టు విడవనిది ఎవరు? కుక్కేగా! ఎముక పట్టుకుంటే వదుల్తుందా?"

"మరి ఎండ వైపు రాశావెందుకు?"

"నీడ వైపు చోటు లేక."

"ఇక్కడ సగం పేజీ ఖాళీగా ఉంది వదినా."

"అది... సోమవారం మాటల కోసం ఉంచా. ఎండ అంటే ఎప్పుడూ మంచే అనుకోకు. ఎండలో నిలబడితే వడదెబ్బ తగలదూ?"

"ఇది చూడు. నీ అన్‌అస్యూమింగ్ కూడా ఎండలోనే మాడుతోంది. 'ఎంత పని చేసినా గొప్పలు చెప్పుకోనిది' అని రాసుంది. ఖాళీ బుర్ర ఎక్కడ?"

"అది పైన ఉన్న మాటకి అర్థం. నా రాత ఏటవాలు, ఒకదాని అర్థం ఇంకోదాని నెత్తిన పడుతుంది."

"నీ రాత సంగతి నాకు తెలియదా? నా కూతురు ఇత్సెల్ జ్ఞానస్నానం రోజున జ్ఞానతల్లిగా చర్చి పుస్తకంలో గీత గీసినట్టు సంతకం పెట్టావు. ఫాదర్ కూడా మెచ్చుకున్నాడు."

"అప్పుడు కళ్ళు బాగుండేవి. ఇంకో మాటుంది, వింటావా?"

"చెప్పు."

"ట్రస్ట్... ట్రస్ట్‌వర్దీ. ఇది మా క్లాసులో ఇంకా రాలేదు. వదిలెయ్."

"వచ్చింది. ఇదిగో, మూడో పేజీ. ఎండలో అన్నిటికంటే పైన. 'కళ్ళు మూసుకుని నమ్మదగినది.' పక్కన నా పేరుందేంటి?"

"ఏ పేరు?"

"దొమితిలా అని. ఎర్ర సిరాతో."

"ప్రతి మాటకీ తెలిసినవాళ్ళ పేరొకటి తగిలించుకోమన్నాడు ప్రొఫె. మనిషి గుర్తొస్తే మాట గుర్తొస్తుందట. ఆ రోజు నువ్వు గుర్తొచ్చావు, రాశా. రేపు ఇంకెవరో గుర్తొస్తారు, కొట్టేస్తా."

"నా పేరు పక్కన అర్థం రాసుకుని, క్లాసులో రాలేదంటావేం?"

"మర్చిపోయానే! మర్చిపోకూడదా? ఇరవై ఏళ్ళుగా ఊరందరి చొక్కాలూ ఇస్త్రీ చేస్తున్నా. ఆ పెట్టె వేడికి సగం బుర్ర ఆవిరైపోయింది. నీకేం, చల్లటి పాలరాయి మీద చీపురు ఆడించావు."

"వదినా, ఒక మాటడుగుతా. కోప్పడకు."

"కోపం ఎందుకు? ఇవాళ కందెలారియా పండగ. పోయిన నెల రోస్కా రొట్టె కోసినరోజు అందులో దాచిన బొమ్మ నా ముక్కలోనే దొరికింది, అందుకని సాయంత్రానికి పాతికమందికి తమాలెలు పెట్టాలి. పొయ్యి దగ్గర కోప్పడితే కుండలో ఒక్కటీ ఉడకదు."

"శుక్రవారం నువ్వు ఆ హోటలు దగ్గర కనిపించావని పళ్ళమ్మే చోలె చెప్పింది."

"చోలె? ఆవిడకి బొప్పాయికీ పుచ్చకాయకీ తేడా తెలియదు. నన్నేం గుర్తుపడుతుంది?"

"పండగ చెప్పులు వేసుకున్నావట."

"చర్చికెళ్తూ అటు తిరిగా."

"చర్చి ఇటు, హోటలు అటు."

"సరస్సు చూడబుద్ధయింది!"

"పుట్టినప్పట్నుంచీ చూస్తున్న సరస్సుని చెప్పులేసుకుని చూశావా?"

"నువ్వేంటే పోలీసులా! ఉత్తరం చదవమని వచ్చావా, నా కాళ్ళు చదవమని వచ్చావా?"

"సరే, సరే. కాళ్ళ సంగతి వదిలేశా. కుండ సంగతి చూడు. ఎంతసేపైంది పెట్టి?"

"ఏడింటికి పెట్టా. ఇప్పుడు తొమ్మిదిన్నర. అయిపోయే ఉంటాయి. ఒకటి విప్పు."

"ఆకుకే అంటుకుపోతోంది. పచ్చిపిండి."

"అడుగుది తియ్యి."

"అడుగుదీ అంతే. గంటన్నరకి ఉడకాలిగా?"

"పొత్తాకు చీల్చి కుండ చెవులకి రెండు పక్కలా ముడులు కట్టా, చూడు. మన మాటలు వినకూడదని. అయినా వింది ముండ."

"ముడులు మాటలకి, వదినా. మనసులకి కాదు. పొయ్యి దగ్గర ఎవరో ఒకరికి కడుపులో మంట ఉంది. అందుకే కుండలో మంట లేదు."

"నీకే! వచ్చినప్పట్నుంచీ అనుమానంతో ఉడుకుతున్నావు."

"నాకు కోపం లేదు. ప్రమాణంగా లేదు. బాధుందేమో గాని కోపం లేదు. నీకు?"

"నాకెందుకుంటుంది?"

"నిన్నే అడుగుతున్నా. నా మీద ఏమైనా ఉందా? ఉంటే ఇప్పుడే అనెయ్, పడతా."

"ఏమీ లేదన్నాగా! ఉన్నదల్లా ఆ కాగితమే. మన ఇద్దరి మధ్యా అది పడ్డాకే ఇవి ఉడకడం మానేశాయి. వెళ్తూ వెళ్తూ ఆ తెల్లావిడ ఇంత విషం మడతపెట్టి కవర్లో పెట్టిపోయింది."

"విషమేనంటావా?"

"పక్కా."

"ఒక్కసారి మళ్ళీ చదువు వదినా. నీ పుస్తకం పక్కన పెట్టుకుని, నెమ్మదిగా. తొందరేం లేదు. నువ్వు తప్పు చదివానంటే నేనేమీ అనుకోను. ఆరు నెలల చదువేగా, పొరపాట్లుంటాయి."

"నా చదువుకి వంక పెడుతున్నావా?"

"లేదు. నీకో దారి ఇస్తున్నా."

"నాకే దారీ అక్కర్లేదు. కుక్క, ఖాళీ బుర్ర, చివర్లో ఇంకేదో. ఇది పట్టుకుని హోటలుకెళ్తే నవ్వుతారు. నా మాట విను. దీన్ని పొయ్యిలో పడెయ్. పీడ పోతుంది, తమాలెలూ ఉడుకుతాయి."

"పడేస్తే, ఈ ఉత్తరం తెచ్చినామెకి ఇంక పనెలా వస్తుంది?"

"రాదు. రాకపోతేనే పరువు. ఇంకెక్కడైనా చూసుకుంటుంది."

"నీ చేత్తో పడేస్తావా? నాకు చేతులు రావట్లేదు."

"అందులో ఏముంది, ఇలా తే. నీ మేలు కోరే కదా."

"వదినా, ఆగు. నా ఇత్సెల్‌ని ఆ రోజు చేతుల్లో పట్టుకుని మాటిచ్చావు. ఆ పిల్ల మీద చెప్పు. ఇది చెడ్డ ఉత్తరమేనా?"

"పిల్లని మధ్యలోకి లాగకు."

"చెప్పు వదినా."

"ఏం చెప్పను? చెప్పిందే... వదులు, చిరుగుతుంది, వదలవే! ...అదిగో. పోయింది. అంటుకుంది చూడు. కవరు కూడా వేసెయ్."

"వేశావు. వేసేశావు."

"నీ కోసమే వేశా. అలా చూడకే. కోడి ఈక కాలినంతసేపు కూడా పట్టలేదు."

"బూడిదైంది."

"అయింది. ఇంక గోలలేదు. కూర్చో. ఇప్పుడు చెప్తా విను, ఇంక దాచేదేముంది. శుక్రవారం వెళ్ళా. పండగ చెప్పులేసుకునే వెళ్ళా. గదుల పనికే. ఇంగ్లీషులో పలకరించా, ఆ మేనేజరమ్మ నవ్వింది కూడా. అంతా అయ్యాక 'ఉత్తరం ఏది?' అంది. ఏ ఇంటి నుంచైనా ఒక్క ఉత్తరం తెస్తే రేపే తీసుకుంటానంది. ఇస్త్రీ పెట్టె నాకు ఉత్తరం రాస్తుందా? చొక్కాలు రాస్తాయా? ఆరు నెలలు మంచితనం ఇరవై రకాలు బట్టీ పట్టా దొమితిలా, నాలో ఒక్కటైనా ఉందని కాగితం మీద రాసేవాళ్ళు లేరు. నువ్వేమో ఒక్క ముక్క రాకుండా కాగితం ఊపుకుంటూ వచ్చావు. కళ్ళు మండాయి. తిట్టు. కొట్టు. పడతా."

"నేను తిట్టను."

"నీకు పనెక్కడికి పోతుందిలే. పద్నాలుగేళ్ళు చేసినదానివి, ఇంకెవరైనా రాసిస్తారు."

"నాకు రాసింది వేరే ఉంది. అది పోయిన సోమవారమే హోటలు వాళ్ళకిచ్చా, తీసుకున్నారు. రేపు తొమ్మిదింటికి పనిలోకి రమ్మన్నారు."

"మరి... మరి ఇదేంటి?"

"నాతోబాటు ఇంకొకరు కావాలన్నారు. నా బదులు నువ్వు చేసిన ఆ మూడు వారాల పని గుర్తుందా అని సెన్యోరాని అడిగా, కారెక్కబోతూ ఆగి మరీ నవ్వుతూ రాసింది. నీదని చెప్పే ముందు మంచే ఉందో లేదో చూసుకుందామనుకున్నా. ఆ ఉత్తరం నీది వదినా."