నిద్రపోయేటోని జీతం

"నమ్మరు. మా అవ్వ మీద ఒట్టు, నేను జెప్పేది మీరు నమ్మనే నమ్మరు" అనుకుంట బాలనర్సింహ సాసర్ల చాయ్ వొంపుకున్నడు.

శాలిబండ ఇరానీ హోటల్ల ఆ మూల బల్ల తన తాత కట్టిచ్చినట్టే కూసుంటడాయన. బస్సులకు బాడీలు కట్టే షెడ్డుల ఫిట్టరు నౌకరి చేసి, నలభై రెండేండ్లకే ఇస్తీఫా ఇచ్చి, వచ్చిన ప్రావిడెంట్ ఫండు పైసలన్ని పత్తర్‌గట్టి కాడ ఒక ఫైనాన్సు కంపెనీల పెట్టిండు. "ఇగ పని బంద్, మిత్తి మీద బతుకుడే" అని బస్తీ అంత చాటిండు. ఏడాది మిత్తి బరాబర్ వచ్చింది. ఆరు నెలల సంది పైస లేదు. నిన్న మేనేజరు పురుషోత్తం చెవుల ఊదిండు: "ఫండు పైసలున్న కొత్త మనిషిని ఒకన్ని పట్కరా, నీ ఆరు నెలల మిత్తి ఆ దినమే చేతుల పెడ్త."

ఆ కొత్త మనిషే ఎదురుంగ కూసున్న కైలాసం. అదే షెడ్డుల బస్సులకు రంగు కొడ్తడు. పదారేండ్లు రంగు పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. దస్తీల పడేది ఎర్ర రంగో నెత్తురో వానికే ఎరుక లేదు. పక్క బల్ల కాడ టైలర్ గుండయ్య బిస్కట్ ముంచుకుంట చెవులు ఇటే పెట్టిండు.

"మొదటి నెల మిత్తి నేనే పొయ్యి తెచ్చుకున్న, ఒప్పుకుంట. రెండో నెల మేనేజరే సైకిలేసుకోని ఇంటికొచ్చిండు. 'నర్సింహ సాబ్, మీకెందుకు తక్లీఫ్' అన్నడు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"ఏమైతది, చాయ్ పైసలు మటుకు కైలాసమే ఇచ్చిండు" అన్నడు గుండయ్య.

"నువ్వాగవయ్యా! ఉత్తగ కూసునుడంటె ఉత్తగ రాదు, దానికి తయారీ గావాలె. నౌకరిల ఉన్నప్పుడే ఐతారం ఐతారం ప్రాక్టీసు జేసిన. మొదట్ల గంట గూడ కూసోలేకపొయ్యిన, చేతులు స్పానర్ ఏదీ స్పానర్ ఏదీ అని గుంజినయి. రెండు నెలలైనంక సూడాలె, పొద్దటి నుంచి మాపటి దాక కదిలింది లేదు. పిట్టొచ్చి నెత్తి మీద గూడు కట్టింది, గుడ్లు గూడ పెట్టింది. లేస్తె పాపం తలుగుతదని పిల్లలయ్యేదాక షెడ్డుకే పోలే!"

గుండయ్యకు పొలమారింది. కైలాసం నవ్వలే. అంగీ జేబుల కెళ్లి మడత కాయితం తీసి బల్ల మీద పరిచిండు.

"అన్నా, నేను గూడ ఇస్తీఫా రాయించిన. మున్షికి రూపాయిచ్చిన. వేలిముద్ర నడవదు దస్కతే గావాలన్నడు, రెండు దినాలు కూసోని నేర్చుకున్న."

కాయితం కింద వాని పేరుంది. 'కై' ఏనుగంత, 'లా' ఎలుకంత, 'సం' జాగ చాలక అంచుకు వేలాడుతుంది.

"రేపు పొద్దుగాల సూపర్‌వైజర్ చేతుల పెడ్త. ఫండొచ్చినంక పత్తర్‌గట్టికి నువ్వే తోల్కపోవాలె."

"మరి షెడ్డోళ్లిచ్చిన దవాఖాన కార్డు?" ఆ మాట బాలనర్సింహ నోట్ల కెళ్లి జారి పడ్డది.

"వాపసియ్యాలెనట. నీ లెక్క కూసుంటె దగ్గెందుకొస్తదే అన్నా? నీకొస్తుందా?"

బాలనర్సింహ సాసర్ కింద పెట్టిండు. ఒక్క మాట చాలు, "వద్దురా, మునిగిన" అంటె అయిపోతది. గాని ముప్ఫై ఏండ్ల సంది కోతలు కోసిన నోరది, సక్కటి తొవ్వల నడిచి ఎరగదు. ఇగ మిగిలిందొక్కటే. గాడిద గూడ నవ్వేటంత పెద్ద అబద్ధమాడాలె. వీడు గూడ నవ్వి, కాయితం చింపి లేచి పోవాలె.

"విను మల్ల! మిత్తి బర్రె లెక్క ఈనింది. ఆ దుడ్డె పెద్దగై అది గూడ ఈనింది. ఇంట్ల జాగ లేక నోట్లు గల్లీల పోస్తె మోకాల్ల లోతయినయ్. వానకు తడిస్తె దోభోళ్లు పురానాపూల్ కెళ్లి చాదర్‌ఘాట్ దాక మూసీ పొడుగూత ఆరేసిన్రు! కూసోని కూసోని నడుము నొస్తుందని నా బదులు కూసోనీకె ఒక మనిషిని పెట్టిన. నా బదులు ఆవులించనీకె ఒకన్ని. నా బదులు నిద్రపోనీకె ముగ్గుర్ని, మూడు షిఫ్టులు!"

హోటలంత గొల్లుమన్నది. గల్లా మీది సేటు గూడ కండ్లు తుడుచుకున్నడు.

కైలాసం ముందుకు వొంగిండు. "నిద్రపోయేటోనికి నెలకెంతిస్తున్నవే అన్నా?"

"రెండు వందలు... అరే, నమ్ముతున్నవారా నువ్వు?"

"నువ్వు జెప్తె నమ్మనా?"

బాలనర్సింహకు చెమట పట్టింది. ఇంకింత పైకెక్కిండు. "రిటైరైనోనికి టైమెందుకని చార్మినార్ మీది నాలుగు గడియారాలు ఆపిచ్చిన! పొద్దుగాల సూర్యుడు గూడ మా దర్వాజ కొడ్తడు. 'సాబ్ లేసిన్రా, పొడవాల్నా' అంటడు. 'ఇంకింత సేపాగు' అంటె ఆగుతడు!"

"నాకంత అక్కరలేదన్నా" అన్నడు కైలాసం. "పొద్దు పొడిచినంక ఒక్క గంట పండుకుంటె చాలు."

ఎవరూ నవ్వలే. గుండయ్య కప్పు పక్కకు జరిపిండు.

"సూర్యున్నే ఆపెటోనివి, రోజు పొద్దుగాల మీరాలంమండిల మురిగిన ఉల్లిగడ్డలేరేది ఎవరయ్యా? నీ పెండ్లాం సక్కుబాయి గాదా? నిన్న నేనే చూసిన. ముప్పావలాకు బస్తా. కండ్ల పొంటి నీళ్లు కారుతున్నయ్. ఉల్లిగడ్డకో, మిత్తి రాకనో, నాకెరుక లేదు."

బాలనర్సింహ నోరు తెరిచిండు. తెరిచిన నోట్లకు అబద్ధం రాలే. ఎన్నడు గిట్ల కాలే.

కైలాసం మెల్లగ అందుకున్నడు: "ఉత్తగ కూసుంటె తోస్తలేదేమో వదినెకు. గంతే గదన్నా?"

కూసోనీకె, ఆవులించనీకె, నిద్రపోనీకె మనుషులున్నరని ఇంతసేపు కోతలు కోసిండు గద. ఇగో, ఆయన బదులు అబద్ధమాడనీకె గూడ ఒకడు దొరికిండు. జీతం లేకుంట.

బాలనర్సింహ లోపలి జేబుల కెళ్లి డిపాజిట్ కాయితం గుంజిండు. చెమటకు మడతలు చినిగిన కాయితం. దాన్ని ఆ ఇస్తీఫా మీద ఫట్టుమని కొట్టిండు. ఆ దెబ్బతోని ఆరు నెలల మిత్తి పోయినట్టేనని ఆయనకెరుకే.

"ఏమయ్యా గుండయ్యా, నేను కోతలు కోస్తున్ననంటవా? లే! కైలాసం, గా ఇస్తీఫా లోపల పెట్టు. పెట్టంటున్న గదరా! ఇద్దరు గూడి ఇప్పుడే పత్తర్‌గట్టికి పోన్రి. నా కాయితం చూపిచ్చి ఆరు నెలల మిత్తి గాదు, ఒక్క నెలది అడుగున్రి. నెలది గూడ వద్దు, ఈ మూడు చాయ్‌ల పైసలడుగున్రి. పురుషోత్తం ఇచ్చిండనుకో, రేపే నీ ఇస్తీఫా ఇచ్చుకో. ఇయ్యలేదా, నేను జెప్పింది అంత అబద్ధం, నా బతుకే అబద్ధం." బల్ల మీద ఇంకోసారి గుద్దిండు. "ఏం చూస్తున్నర్రా? దమ్ముంటె పోన్రి, నన్ను అబద్ధాలకోరును చేసి రాన్రి!"