అత్తగారి ఫ్యాను, అల్లుడి పెట్రోలు

అత్తగారికి మధ్యాహ్నం కునుకు పట్టాలంటే ఆ పాత టేబుల్ ఫ్యాను తిరగాల్సిందే. ఆవిడ మెప్పు కోసం కొత్త అల్లుడు దాన్ని విప్పి, ప్రతి ముక్కా పెట్రోల్లో నానబెట్టి కడిగాడు.

“మామయ్యగారూ, ఇరుసు తిరిగే ఈ కంచు బుష్‌లు చూడండి, చుక్క నూనె మిగల్చలేదు!”

“కొంప ముంచావు అల్లుడూ! ఆ కంచుకి కంటికి కనిపించని రంధ్రాలుంటాయి, నూనె దాచుకునేది వాటిలోనే. ఇలా ఎండగట్టి తిప్పితే ఇరుసు పట్టేస్తుంది.”

“ఇప్పుడెలా?”

“వెచ్చని మెషీన్ ఆయిల్లో రెండు రోజులు ఉంచితే మళ్లీ పీల్చుకుంటాయిలే. పెళ్లయిన కొత్తలో నేనూ ఇదే ఘనకార్యం చేశాను.”

“అత్తయ్యగారు ఏమన్నారు?”

“ఏమీ అనలేదు. ఆ రెండు రోజులూ నా చేతికి విసనకర్ర ఇచ్చి పడుకుంది. అదిగో, ఆ మేకుకే ఉంది. దుమ్ము దులిపి తీసుకెళ్లు.”